సమస్య: చచ్చినట్టి చుక్క జగము గొలిచె

యతిపతి (నిర్వాహకుడు): ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. వేరే గెలాక్సీల్లో పేలే నక్షత్రాల సంగతి తెలిసినవాళ్లకు తేలికే. చుక్కంటే మందుచుక్క అని మాత్రం తప్పించుకోకండి!

పల్లెపద్యం:
తోడి చుక్క సొమ్ము దోచి తినినయట్టి
శ్వేతకుబ్జతార పగిలి వెలిగె
తనదు కాంతి తరుగు దారమ్ముగా గొని
చచ్చినట్టి చుక్క జగము గొలిచె

యతిపతి: పల్లెపద్యం గారూ, పూరణ బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది. “పగిలి” తీసి “చెదరి” అనండి, సరిపోతుంది. “తరుగు” మాత్రం భలే పడింది. శ్వేతకుబ్జమంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చుక్క. తోడి చుక్క పదార్థం లాగి, సూర్యుడికి 1.4 రెట్ల బరువుకు చేరువై పేలే ఈ జాతి చుక్కలన్నీ ఒకే వెలుగు ఇవ్వవు. ఎక్కువ వెలిగేది నింపాదిగా తగ్గుతుందని 1993లో ఖగోళవేత్త మార్క్ ఫిలిప్స్ చూపించాడు. శిఖరం దాటాక 15 రోజుల్లో ఎంత తరిగిందో చూస్తే అసలు వెలుగెంతో తెలుస్తుంది. మనకెంత మసకగా కనిపిస్తోందో దాంతో పోలిస్తే దూరం తేలుతుంది.

చుక్కలదారి:
దక్షిణాన మెఱసె తార యొక్కటి నాడు
మేలి యుంగరమ్ము మిసిమి దాల్చె
వెలుగు జాప్యమందు వెడలుపు తెలియంగ
చచ్చినట్టి చుక్క జగము గొలిచె

పల్లెపద్యం: ఇది 1987లో కనిపించిన పేలుడు, సూపర్నోవా 1987ఎ కదండీ? పెద్ద చుక్క గుండె కూలి పేలినది. యతిపతి గారు చెప్పిన కొలబద్ద జాతి అది కాదుగా!

చుక్కలదారి: కొలిచింది ఉంగరంతోనండీ. పేలడానికి వేల ఏళ్ల ముందు వదిలిన వాయువు దాని చుట్టూ వలయంగా ఉంది. పేలుడు కాంతి తగిలి వెలిగిన ఆ వలయంలో మనవైపు అంచు ముందు కనిపించింది, అవతలి అంచు నెలల తర్వాత. ఆ జాప్యమే అసలు వెడల్పు చెబుతుంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫోటోలో అదెంత చిన్నగా ఉందో కలిపి లెక్కేస్తే, ఆ చుక్క ఉన్న మన పొరుగు గెలాక్సీ పెద్ద మెజెలాన్ మేఘం దూరం వచ్చేస్తుంది, సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు.

యతిపతి: గట్టి సమర్థన. గణాలూ యతులూ సరి. కానీ “జగము” అన్నారు, మీరు కొలిచింది పొరుగింటినే! జగాన్ని కొలిచింది 1998లో, ఖగోళ శాస్త్రవేత్తల బృందాలు రెండు. పెర్ల్‌మటర్ బృందం ఒకటి, ష్మిట్, రీస్‌ల బృందం ఒకటి. దూరపు పేలుళ్లు లెక్కకన్నా మసకగా ఉన్నాయని రెండు బృందాలూ విడివిడిగా చూశాయి. విశ్వం వ్యాకోచం నెమ్మదించాల్సింది పోయి జోరందుకుందన్నమాట. 2011 ఫిజిక్స్ నోబెల్ ఆ ముగ్గురికీ దానికే వచ్చింది. దీనిమీద పూరణ ఇంకా ఒక్కటీ రాలేదు. ఆదివారం దాకా గడువుంది, కానివ్వండి.