ఒంటి గిటార్ సంకలనాలు: ‘ఇమాజినేషనల్ యాంథెమ్’ ఎలా వినాలి?

పల్లవి_లేదు: పాట లేకుండా గిటార్ ఒక్కటే మోగే ఆల్బమ్‌ల కోసం వెతుకుతుంటే, టాంప్కిన్స్ స్క్వేర్ అనే రికార్డు లేబుల్ వాళ్లు 2005లో మొదలుపెట్టిన ఈ సిరీస్ దొరికింది. ఒక్కో ట్రాక్ ఒక్కొక్కరిది. కొన్ని హాయిగా ఉన్నాయి, కొన్ని మాత్రం శ్రుతి చేసుకుంటూనే ఆగిపోయినట్టున్నాయి! విన్నవాళ్లు చెప్పండి.

పాతరికార్డు: ఆ పేరు గిటారిస్టు మ్యాక్స్ ఓక్స్ ట్యూన్‌ది. ఆయన 1967లో టకోమా లేబుల్ వేసిన ‘కాంటెంపరరీ గిటార్’ సంకలనంలోనూ ఉన్నాడు. ముందు అది వినండి. జాన్ ఫాహీ, రాబీ బాషో లాంటి కుర్ర గిటారిస్టుల పక్కనే పాతతరం బ్లూస్ గాయకుడు బుకా వైట్ ఉంటాడు. ఆయన 1940లో అబెర్డీన్ ఊరి మీద పాట రికార్డు చేశాడు. ఆ ఒక్క ఆధారంతో 1963లో ఫాహీ ‘బుకా వైట్, పాత బ్లూస్ గాయకుడు, అబెర్డీన్, మిసిసిపీ’ అని ఉత్తరం రాసి పడేస్తే, అది ఆయనకు చేరింది. టకోమా ఫాహీ సొంత లేబులే లెండి.

వీణ_కచేరీ: శ్రుతి సంగతి నేను చెప్తాను. ఫాహీ తరచూ వాడే ఓపెన్ సి ట్యూనింగ్ (తీగలు నొక్కకుండా మీటినా సి కార్డ్ పలికే శ్రుతి) లావు తీగ నుంచి సి, జి, సి, జి, సి, ఈ. మన లెక్కలో స ప స ప స గ. వీణ మీద వాయించే నాలుగు తీగలూ స, ప లే కదా! గిటార్ మీద బొటనవేలు కింది శ్రుతిని ఆపకుండా మోగిస్తుంటే మిగతా వేళ్లు రాగం పలికిస్తాయి. బాషో అయితే రవిశంకర్ సితార్ విని ఈ దారి పట్టినవాడు. ఆయన పన్నెండు తీగల గిటార్ మొదలెడితే నాకు ఆలాపనలాగే వినిపిస్తుంది.

బొటనవేలు: వాయించాలనుకునేవాళ్లకు: అన్నిటికంటే లావైన ఆరో తీగ ‘ఈ’ నుంచి ‘సి’ దాకా దిగుతుంది, వదులై జరజరమంటుంది. కాస్త లావు తీగల సెట్ వేయండి. పైకి బిగించాల్సింది రెండో తీగ ఒక్కటే, పాతదైతే అదే తెగుతుంది.

ఈలపాట: నాకు బాషో పూర్తి ఆల్బమ్ భారమే, మధ్యలో పాడే ఆ గొంతు నాకు అసలు పడదు. సంకలనంలో ఒక్క ట్రాక్ అయితే ఓకే. గిటారిస్టు జాక్ రోజ్‌ని మాత్రం ఎంతసేపైనా వింటా.

పల్లవి_లేదు: థాంక్సండీ. వీణ గారూ, స ప స ప లెక్కతో మళ్లీ విన్నా. ఆ ‘శ్రుతి చేసుకుంటున్న’ ట్రాక్‌లే ఇప్పుడు లిస్టులో ముందున్నాయి.