విడిపోయాక అమీర్‌పేట స్టేషన్ దాటడం కష్టంగా ఉంది

ప్రశ్న:
మాది నాలుగేళ్ల ప్రేమ. పోయిన నెల విడిపోయాం. మా మధ్య గొడవేం లేదు. కులాలు వేరని వాళ్ల నాన్నగారు ససేమిరా అన్నారు, తను ఎదురు చెప్పలేకపోయాడు. అదే నా ఎదురుగా కూర్చుని చెప్పాడు.

నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్, తన రూము కూకట్‌పల్లి. ఆఫీసులు రెండూ హైటెక్ సిటీలోనే. తను బస్సెక్కితే నేరుగా రూముకి వెళ్లిపోవచ్చు. అయినా రోజూ నా కోసం మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చేవాడు. అక్కడి నుంచి నేను ఎల్బీనగర్ వైపు, తను మియాపూర్ వైపు. మెట్ల దగ్గర నిలబడి, వచ్చిన ట్రైన్ వదిలేసి మరీ మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అక్కడికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోతున్నాయి.

ఇంకోటి. ఎండాకాలంలో వాళ్లమ్మగారు పెట్టిన ఆవకాయ హార్లిక్స్ సీసాలో తెచ్చిచ్చాడు. ఫ్రెండ్‌కని చెప్పి తెచ్చాడట, ఆవిడకి నేనెవరో తెలియదు. అడుగున రెండు టెంక ముక్కలు, కాస్త నూనె మిగిలాయి. రోజూ ఫ్రిజ్ తీసి చూసి మూసేస్తున్నా. తినలేను, పారేయలేను.

మీరు ఇలాంటివి ఎలా దాటారు? నంబరు తీసేశారా?

జవాబు (వరంగల్ నుంచి):
చెల్లీ, నేను అటువైపు మనిషిని. 2015లో మా ఇంట్లో ఒప్పుకోలేదని ఆమెకి చెప్పే ధైర్యం లేక ఫోన్ ఎత్తడం మానేశాను. మూడు వారాలు రోజూ పొద్దున్నే చేసింది. తర్వాత ఆపేసింది. ఫోన్ మోగని ఆ పొద్దు నాకింకా గుర్తుంది. ఆయన మీ ఎదురుగా కూర్చుని చెప్పాడు కదా, నేను అది కూడా చేయలేదు. నంబరు మాత్రం తీసేయండి. "ఎలా ఉన్నావ్" అని ఒక్క మెసేజ్ వస్తే చాలు, మళ్లీ మొదటికొస్తారు.

జవాబు (డాలస్ నుంచి):
నేను నంబరు తీయలేదు. ఏడాది తర్వాత ఇప్పుడు పండగలకి పలకరించుకుంటున్నాం. నాకు కష్టమైంది రాత్రి ఎనిమిది గంటలు. విజయవాడలో తను లేచే టైమది, రోజూ అప్పుడే మాట్లాడుకునేవాళ్లం. ఆ టైముకి అమ్మకి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదటి వారమంతా ఏడుపే. అమ్మ ఎందుకని అడగలేదు, పొయ్యి మీద పాలు చూసుకుంటూ వినేది.

జవాబు:
జాయింట్ అకౌంట్ ఉంటే ఇప్పుడే మూసేయండి, ఇద్దరి సంతకాలూ కావాలి. మేం వాయిదా వేశాం. నా పెళ్లి కుదిరాక దాని కోసం బ్యాంకులో కలవాల్సి వచ్చింది, చాలా బాధపడ్డాను. నిద్ర పట్టకపోతే 14416కి చేయండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తారు నాకు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మీది చదివాక చాలాసేపు ఏడ్చాను. నంబరు తీసేశాను. ఆవకాయ రాత్రి వేడన్నంలో కలుపుకుని తిన్నాను, సీసా కడిగి బోర్లించాను. అమీర్‌పేట మాత్రం ఇంకా నావల్ల కావడం లేదు. కొన్నాళ్లు బస్సులో వెళ్తాను.