విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి, మింట్‌లో ఐదున్నర గంటలు ముందుకు

వేళచ్చేరి వాసి:

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో ఉంటాము. మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఆరో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉంది. అది విండోస్ 11కు సరిపోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోవడంతో, ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేసుకుందామని అదే డిస్కులో విండోస్ పక్కనే దాన్ని మా అబ్బాయి ఇన్‌స్టాల్ చేశాడు. మా అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు రాసే ట్యాలీ కోసం విండోస్‌ను కూడా ఉంచుకున్నాము. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, ఎంచుకుంటాము. ఇంతవరకు బాగానే ఉంది.

ఇబ్బంది అంతా గడియారంతోనే. మింట్‌లో పని ముగించి విండోస్‌లోకి వెళితే సమయం సరిగ్గా ఐదున్నర గంటలు వెనుకబడి కనిపిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మధ్యాహ్నం రెండున్నర చూపిస్తుంది. దాన్ని సరిచేసి, పని చూసుకుని మళ్ళీ మింట్‌లోకి వస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటినట్లు, తేదీ కూడా మారినట్లు కనిపిస్తుంది. వైఫై కలిసిన కాసేపటికి మింట్ తనంతట తానే సర్దుకుంటుంది కానీ, విండోస్ మాత్రం నేను చేయి పెట్టేదాకా అలాగే ఉండిపోతుంది.

మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక రిపేరు దుకాణానికి తీసుకువెళితే మదర్‌బోర్డు బ్యాటరీ మార్చారు. ఫలితం లేదు. రెండోసారి వెళితే మదర్‌బోర్డే పాడైంది, మార్చాల్సిందే అన్నారు. పాత మదర్‌బోర్డు మీద అంత ఖర్చు పెట్టాలా అన్నది నా మొదటి సందేహం. రెండోది, విండోస్‌లో టైమ్ జోన్ పేరు చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ అని ఉంటే, మింట్‌లో చెన్నై దొరకక మా అబ్బాయి కోల్‌కతాను ఎంచుకున్నాడు. తేడా దానివల్లే వస్తోందా?

లోలకం:

జవాబు చెప్పేముందు ఒక పరీక్ష చేసి చూడండి. మింట్‌లో సమయం సరిగ్గా ఉన్నప్పుడు అక్కడి నుంచే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి. తిరిగి ఆన్ చేసేటప్పుడు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకీ వెళ్ళకుండా డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్ తెర తెరిచి, అక్కడ కనిపించే సమయాన్ని చేతి గడియారంతో పోల్చి చూడండి. అలాగే మింట్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం ఇచ్చి, ఆర్‌టీసీ టైమ్ (అంటే మదర్‌బోర్డు మీది గడియారం సమయం) అన్న వరుసలో ఏముందో, చివరన ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజెడ్ (ఆ గడియారం స్థానిక సమయంలో ఉందా) అన్న చోట ఎస్ అని ఉందో నో అని ఉందో రాయండి.

వేళచ్చేరి వాసి:

చూశానండీ. బయోస్‌లో తేదీ సరిగ్గానే ఉంది కానీ సమయం ఐదున్నర గంటలు తక్కువ ఉంది. టెర్మినల్‌లో లోకల్ టైమ్ మన సమయమే చూపిస్తోంది. యూనివర్సల్ టైమ్, ఆర్‌టీసీ టైమ్ రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, రెండూ ఐదున్నర గంటలు తక్కువ. చివరి వరుసలో నో అని ఉంది.

లోలకం:

అయితే మీ మదర్‌బోర్డుకు ఏ జబ్బూ లేదు, దాని మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్‌లో గడియారం ఇంత కచ్చితంగా తప్పదు. కరెంటు పూర్తిగా తీసేసినప్పుడు మదర్‌బోర్డు మీది గడియారాన్ని నడిపేది సీఆర్2032 అనే మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ. అది నీరసిస్తే రాత్రి స్విచ్‌బోర్డు దగ్గర ఆపేసి పొద్దున ఆన్ చేసినప్పుడు తేదీ ఏళ్ళ వెనక్కి, ఆ బోర్డు తయారైన కాలానికో దాని దగ్గరకో వెళ్ళిపోతుంది, అప్పుడు బ్రౌజరు ఏ సైటుకు వెళ్ళినా భద్రతా ధ్రువపత్రం చెల్లదని మొరాయిస్తుంది. మీకు తేదీ నిలిచే ఉంటోంది. తప్పుతున్నది ఐదు గంటల ముప్పై నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. భారత ప్రామాణిక సమయానికీ అంతర్జాతీయ సమయమైన యూటీసీకీ ఉన్న తేడా సరిగ్గా అంతే కదా. ఎప్పుడైనా కంప్యూటర్‌లో ఈ అంకె కనిపిస్తే మొదట అనుమానించాల్సింది సెట్టింగులను.

జరుగుతున్నది ఇది. మదర్‌బోర్డు మీది గడియారం ఒక్కటే, దాన్ని చదివే వ్యవస్థలు రెండు. ఆ గడియారంలో ఉన్నది ఏ ప్రాంతపు సమయమో రాసిపెట్టుకునే చోటు అందులో లేదు, ఉన్నవి అంకెలు మాత్రమే. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచి వస్తున్న అలవాటు ప్రకారం విండోస్ ఆ అంకెలను స్థానిక సమయంగా తీసుకుంటుంది. లినక్స్ వాటిని యూటీసీగా తీసుకుని, మీరు ఎంచుకున్న టైమ్ జోన్‌ను బట్టి ఐదున్నర గంటలు కలిపి తెరమీద చూపిస్తుంది. ఒకే గోడగడియారాన్ని ఇంట్లో ఒకరు మన సమయానికీ మరొకరు లండన్ సమయానికీ తిప్పుకుంటూ పోయినట్లుగా ఉంటుంది మీ కంప్యూటర్ పరిస్థితి.

మీ ఉదాహరణే తీసుకుందాము. రాత్రి ఎనిమిదింటికి మింట్‌లో ఉన్నప్పుడు మదర్‌బోర్డు గడియారంలో 14:30 అని ఉంటుంది. ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుంటున్నంతసేపూ లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 11 నిమిషాలకొకసారి ఆ గడియారాన్ని సరిదిద్దుతూనే ఉంటుంది కాబట్టి మీరు బయోస్‌లో మార్చినా అది నిలవదు. ఆ 14:30ను విండోస్ మన సమయమనుకుని మధ్యాహ్నం రెండున్నర అని చూపిస్తుంది. మీరు దాన్ని ఎనిమిదికి సరిచేస్తే గడియారంలో 20:00 చేరుతుంది. తిరిగి మింట్‌లోకి వస్తే అది 20:00కు ఐదున్నర కలిపి మర్నాడు తెల్లవారుజామున ఒకటిన్నర అంటుంది. అంటే రెండూ తమ తమ లెక్క ప్రకారం సరిగ్గానే పనిచేస్తున్నాయి.

టైమ్ జోన్ ఎంపికలో తప్పేమీ లేదు. లినక్స్ వాడే టైమ్ జోన్ పట్టికలో ఒక్కో మండలానికి సాధారణంగా అందులోని అత్యధిక జనాభా గల నగరం పేరు పెడతారు, మన దేశమంతటికీ ఏషియా, కోల్‌కతా అన్న ఒక్క పేరే ఉంది. (చెన్నైకి ఒకప్పుడు సొంత సమయమే ఉండేది. నుంగంబాక్కంలోని మద్రాసు అబ్జర్వేటరీ లెక్కకట్టిన ఆ సమయం గ్రీనిచ్ కంటే సుమారు ఐదు గంటల 21 నిమిషాలు ముందుండేది, రైళ్ళు చాలాకాలం దాన్నే అనుసరించాయి. 1906 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా ఇప్పటి సమయం వచ్చింది.)

పరిష్కారం సులువు. రెండింటిలో ఒకదాన్ని రెండోదాని దారికి తెస్తే చాలు. ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్ కాబట్టి మింట్‌ను మార్చమనే నేను చెబుతాను. వైఫై కలిసి, మింట్‌లో సమయం సరిగ్గా చూపిస్తున్నప్పుడు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని రాసి, ఒక ఖాళీ వదిలి సెట్-లోకల్-ఆర్‌టీసీ అని, మళ్ళీ ఖాళీ వదిలి 1 అని ఇచ్చి ఎంటర్ నొక్కండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి, సెట్, లోకల్, ఆర్‌టీసీ మాటల మధ్య ఉన్న రెండు చిన్న గీతలు తప్ప వేరే గీతలు పెట్టకూడదు. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. తరువాత టైమ్‌డేట్‌సీటీఎల్ ఒక్కటే ఇచ్చి చూస్తే చివరి వరుసలో ఎస్ అని ఉండాలి. దాని కింద ఒక హెచ్చరిక కూడా వస్తుంది, కంగారు పడకండి.

పాత మదరాసు:

లోలకం గారు కారణాన్ని చక్కగా విప్పి చెప్పారు కానీ, మార్చాల్సింది మింట్‌ను కాదు, విండోస్‌ను అని నా అభిప్రాయం. ఆయన కంగారు పడవద్దన్న ఆ హెచ్చరికలో లినక్స్ చెప్పేదే అది: గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచే పద్ధతికి పూర్తి మద్దతు ఇవ్వలేమని, టైమ్ జోన్ మారినప్పుడూ వేసవి సమయం మొదలై ముగిసేటప్పుడూ చిక్కులు వస్తాయని.

విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటు రిజిస్ట్రీ. స్టార్ట్ మెనూ నుంచి రిజిస్ట్రీ ఎడిటర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, అందులో కరెంట్‌కంట్రోల్‌సెట్, అందులో కంట్రోల్, చివరగా టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ వరకు వెళ్ళాలి. అక్కడ కుడివైపు కొత్తగా ఒక డీవర్డ్ విలువను సృష్టించి, దానికి రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అని ఖాళీలు లేకుండా పేరు పెట్టి, విలువ 1 ఇచ్చి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. అప్పటి నుంచి విండోస్ కూడా ఆ గడియారాన్ని యూటీసీగానే చదువుతుంది. రిజిస్ట్రీలో వేరే దేన్నీ తాకవద్దు. ముందుగా ఆ ఒక్క ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడం మంచిది.

లోలకం:

మీరు చెప్పిన పద్ధతి కూడా పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ హెచ్చరిక ప్రధానంగా ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పుకునే దేశాల వారికి. మనకు వేసవి సమయం లేదు, ఈ డెస్క్‌టాప్ చెన్నై దాటి పోయేదీ లేదు. రిజిస్ట్రీ అంటే తెలియనివారి చేత రిజిస్ట్రీ తెరిపించడం కంటే ఒక ఆదేశం ఇప్పించడమే క్షేమం. వద్దనుకుంటే చివరి 1 బదులు 0 ఇస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ల్యాప్‌టాప్‌తో విదేశాలు తిరిగేవారు అడిగి ఉంటే నేనూ మీ మాటే చెప్పేవాణ్ణి.

వేళచ్చేరి వాసి గారూ, ఏదో ఒకటే చేయండి. రెండూ చేశారంటే ఇప్పుడున్న తేడాయే తిరగబడి, మింట్ వెనక్కీ విండోస్ ముందుకూ పోతాయి.

ఇంకొక మాట. అపార్ట్‌మెంటు లెక్కల ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకో క్లౌడ్‌లోకో బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే, గడియారం కుదుటపడేదాకా దాన్ని ఆపి ఉంచండి. అలాంటివి చాలావరకు చివరిసారి సేవ్ చేసిన సమయాన్ని చూసి ఏది కొత్తదో నిర్ణయిస్తాయి. సాయంత్రం ఆరింటికి మింట్‌లో సేవ్ చేసిన జాబితాను రాత్రి ఎనిమిదింటికి వెనుకబడిన విండోస్‌లో దిద్దితే దాని మీద రెండున్నర అని పడుతుంది, అప్పుడు పాతదే కొత్తదనుకుని మీరు దిద్దినదాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది.

వేళచ్చేరి వాసి:

మింట్‌లోనే ఆదేశం ఇచ్చానండీ. చివరి వరుసలో ఎస్ అని వచ్చింది, హెచ్చరికా వచ్చింది. విండోస్‌లోకి వెళ్ళి సమయాన్ని ఒకసారి చూసుకున్నాను, మళ్ళీ మింట్‌లోకి వచ్చి చూశాను. రెండు చోట్లా సరిగ్గా ఉంది. ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్యాకప్ కూడా ఆపి ఉంచాను, రేపు తేదీలన్నీ సరిచూసి మొదలుపెడతాను.

అడిగే చొరవ చేస్తున్నాను, ఇంకొకటి. విండోస్‌లోని డీ డ్రైవ్‌ను మింట్‌లో తెరిస్తే ఫైళ్ళు చదవనిస్తుంది కానీ కొత్తగా ఏదీ సేవ్ చేయనివ్వదు. ఒక్కోసారి చేయనిస్తుంది. ఇది కూడా గడియారం వల్లేనా?

పాత మదరాసు:

కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, విండోస్ 8 నుంచి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా మూతపడదు. మళ్ళీ త్వరగా లేవడం కోసం తన కెర్నల్ స్థితిని డిస్కులో భద్రపరచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో డ్రైవ్‌లు ఇంకా తన వాడుకలోనే ఉన్నట్లు గుర్తు ఉంటుంది కాబట్టి, డేటా చెడిపోకుండా మింట్ వాటిని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం విండోస్ పూర్తిగా మూతపడుతుంది. మీకు ఒక్కోసారి సేవ్ అవుతున్నది బహుశా విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి నేరుగా మింట్‌లోకి వచ్చిన సందర్భాల్లో అయి ఉంటుంది.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు తెరవండి. కింద ఫాస్ట్ స్టార్టప్ పెట్టె మసకగా ఉంటుంది. పైన, ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చమనే వరుస నొక్కితే అది స్పష్టమవుతుంది. టిక్కు తీసేసి సేవ్ చేసి, ఒకసారి షట్‌డౌన్ చేయండి. విండోస్ లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. మింట్‌లో బలవంతంగా ఆ డ్రైవ్‌ను రాయడానికి తెరిచే చిట్కాలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి, లెక్కల ఫైళ్ళున్న డ్రైవ్ మీద మాత్రం వాటి జోలికి పోవద్దు.

వేళచ్చేరి వాసి:

టిక్కు తీసేశానండీ. డీ డ్రైవ్‌లో ఇప్పుడు మింట్ నుంచి సేవ్ అవుతోంది.