మైనింగ్ బయోస్ (కార్డుని నడిపే చిప్‌లోని ప్రోగ్రామ్) ఉన్న ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డుని స్టాక్‌కి (కంపెనీ ఒరిజినల్‌కి) మార్చడం ఎలా? ఫ్లాష్ (చిప్‌లోకి బయోస్ రాయడం) మధ్యలో ఆగితే కార్డు పోయినట్టేనా?

రైజెన్_రాజు:
సఫైర్ నైట్రో ప్లస్ ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ. సెకండ్ హ్యాండ్, క్రిప్టో మైనింగ్‌లో తిరిగిన కార్డు. డిస్‌ప్లే వస్తోంది గానీ ఏఎండీ అడ్రినలిన్ డ్రైవర్ వేయగానే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 (విండోస్ కార్డుని ఆపేసిందని). కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో మెమరీ హైనిక్స్ కంపెనీది అని ఉంది. సీపీయూ రైజెన్ 5 3600. నెట్‌లో దొరికే 580 బయోస్ ఏదైనా వేసేయొచ్చా? మధ్యలో కరెంటు పోతే ఏంటి పరిస్థితి?

పాత_మదర్‌బోర్డు:
ఫ్లాష్ సంగతి తర్వాత. నైట్రో ప్లస్‌లో రెండు బయోస్ చిప్‌లు ఉంటాయి, కార్డు పై అంచున చిన్న స్విచ్ ఉంటుంది చూడండి. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) స్విచ్ కూడా ఆపి, దాన్ని రెండో వైపుకి జరిపి ఆన్ చేయండి. చాలామంది మైనర్లు ఒక వైపే మారుస్తారు. రెండోది ఒరిజినల్‌గా ఉంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేస్తే చాలు, ఇంకేం చేయనక్కర్లేదు.

చిప్‌లెవల్_చిన్నా:
రెండు వైపులా మార్చేసి ఉంటేనే ఇది చదవండి.

మైనింగ్ బయోస్‌లో తక్కువ క్లాక్‌కి ఉద్దేశించిన మెమరీ టైమింగ్‌లను (మెమరీ ఎంత త్వరగా స్పందించాలో చెప్పే అంకెలను), అంటే 1500 మెగాహెర్ట్జ్ దగ్గరివాటిని, 2000 దాకా కాపీ చేస్తారు. ఫైల్ మారింది కాబట్టి దాని డిజిటల్ సిగ్నేచర్ కుదరదు, డ్రైవర్ ఒప్పుకోదు. మీ 43కి మూలం దాదాపుగా ఇదే.

"580 బయోస్ ఏదైనా" అన్నది మాత్రం కుదరదు. ఒక్కో మెమరీ కంపెనీ చిప్‌కి టైమింగ్‌లు వేరు. శామ్‌సంగ్‌కి మాత్రమే రాసిన రోమ్‌ని (బయోస్ ఫైల్‌ని) హైనిక్స్ కార్డులో వేస్తే స్క్రీన్ నిండా చుక్కలు, గీతలు, లేదంటే అసలు బూటే కాదు. టెక్‌పవర్‌అప్ సైట్‌లోని వీబయోస్ (గ్రాఫిక్స్ కార్డు బయోస్) లైబ్రరీలో ప్రతి రోమ్ కింద అది ఏ మెమరీ చిప్‌లకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. అదే మోడల్, 8 జీబీ, హైనిక్స్: మూడూ కలిస్తేనే దించుకోండి. 580 పేరుతోనే 2048 షేడర్ల (కార్డులో లెక్కలు చేసే యూనిట్ల) కార్డు కూడా ఉంది, దాని రోమ్ జోలికి వెళ్లకండి. మీదానికి 2304 ఉండాలి.

జీపీయూ-జెడ్‌తో రెండు స్విచ్ స్థానాల్లోనూ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పాడు బయోస్ అయినా సరే, బూట్ అయ్యే బయోస్ కదా. ఫైల్ 256 కేబీ ఉంటుంది, చిప్ మొత్తం చదివితే 512 రావచ్చు.

తర్వాత ఆఫ్టర్‌బర్నర్ లాంటి సెన్సార్ టూల్స్ అన్నీ మూసేసి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఫ్లాష్ చేసే టూల్ ఏఎండీవీబీఫ్లాష్ నడపండి. "-ఐ" ఇస్తే కార్డు నంబర్ వస్తుంది, ఒక్కటే ఉంటే 0. "-పి 0 స్టాక్.రోమ్" ఇస్తే రాయడం మొదలు. ఎరేజ్ కాలేదంటే చిప్‌కి రైట్ ప్రొటెక్ట్ ఉన్నట్టు, "-అన్‌లాక్‌రోమ్ 0" ఇచ్చి మళ్లీ. సబ్‌సిస్టమ్ ఐడీ (కార్డు కంపెనీ, మోడల్ గుర్తు) కలవలేదని వస్తే "-ఎఫ్" తో బలవంతం చేయకండి, అది ఆ కార్డు రోమ్ కాదని టూల్ చెబుతోంది. వెరిఫై అయ్యాకే రీస్టార్ట్. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడగొచ్చు, ముందే దగ్గర పెట్టుకోండి. యూపీఎస్ మీద పెట్టి చేయండి, పని నిమిషంలోపే.

రైజెన్_రాజు:
థాంక్స్ అన్నా. రెండు వైపులా మార్చేశారు, 43 పోలేదు. ఫ్లాష్ ఫెయిలైతే ఒక వైపు పోతుంది కదా, అప్పుడు?

చిప్‌లెవల్_చిన్నా:
అందుకే ఒక వైపే ఫ్లాష్ చేసి చూడండి, రెండోది ముట్టుకోవద్దు. పోతే బాగున్న వైపు స్విచ్ పెట్టి విండోస్ దాకా వెళ్లి, సిస్టమ్ ఆన్‌లో ఉండగానే పాడైన వైపుకి జరిపి ఫ్లాష్ కొట్టండి. బూట్‌లో బయోస్ ఎప్పుడో లోడైపోయింది కాబట్టి స్క్రీన్ ఆగదు, రాయడం మాత్రం పాడైన చిప్‌లోకి వెళ్తుంది.

ట్వీజర్:
రెండూ పోతే, లేదా ఒకే బయోస్ ఉన్న కార్డయితే: 3600లో గ్రాఫిక్స్ లేదు, కాబట్టి డిస్‌ప్లేకి ఇంకో కార్డు కావాలి. జీటీ 710 చాలు. ఎన్‌విడియా కాబట్టి "-ఐ" లిస్టులో కనపడదు, పొరపాటున దాన్ని ఫ్లాష్ చేసే భయం లేదు. పాడైన కార్డు వల్ల సిస్టమ్ పోస్ట్ (ఆన్ చేయగానే జరిగే స్వీయ పరీక్ష) దగ్గరే ఆగిపోతే, 8 కాళ్ల బయోస్ చిప్‌లో 1, 8 పిన్‌లను ట్వీజర్‌తో కలిపి పట్టుకుని ఆన్ చేయండి. 1 దగ్గర చుక్క ఉంటుంది, 8 దానికి సరిగ్గా ఎదురు. 1 చిప్ సెలెక్ట్ (చిప్‌ని పనిలోకి పిలిచే పిన్), 8కి సప్లై. కలిపితే చిప్ నిద్రపోతుంది, కార్డు బయోస్ లేకుండా డిటెక్ట్ అవుతుంది. విండోస్ వచ్చాక ట్వీజర్ తీసి ఫ్లాష్ చేయాలి. పక్క పిన్ తగిలితే చిప్ కాలిపోవచ్చు, చెయ్యి వణికేవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఆఖరి దారి సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌లోకి నేరుగా రాసే పరికరం), ఎస్‌ఓఐసీ-8 క్లిప్ (8 కాళ్ల చిప్‌ని పట్టుకునేది). కార్డుని పూర్తిగా బయటికి తీసి, రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటేనా చూడండి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా కూర్చోలేదు. ఎరేజ్, రైట్, వెరిఫై. నల్ల బోర్డు సీహెచ్341ఏ డేటా లైన్ల మీద 5 వోల్టులు పంపుతుంది, చిప్ 3.3 అయినా సరే. కొత్త కార్డుల్లో 1.8 వోల్టుల చిప్‌లు ఉంటాయి, అడాప్టర్ లేకుండా తగిలిస్తే పోయినట్టే. చిప్ మీద నంబర్ చూసి డేటాషీట్ చదవండి.

పాత_మదర్‌బోర్డు:
ఫ్లాష్ అయ్యాక జీపీయూ-జెడ్‌లో షేడర్లు 2304, మెమరీ 2000 మెగాహెర్ట్జ్, యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి బూట్) దగ్గర టిక్ ఉన్నాయో లేదో చూడండి. టిక్ లేకపోతే మదర్‌బోర్డులో సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్‌కి సపోర్ట్) ఆఫ్ చేయకండి, డిస్‌ప్లే రాదు.