ఫంక్షన్ హాలు పార్కింగ్‌లో మూడున్నర అడుగుల పట్టీ: ఏ చెట్లు పెడితే మంచిది?

మండపం_ఖమ్మం
అందరికీ నమస్కారం. ఖమ్మం ఊరి బయట మా బావగారి ఫంక్షన్ హాలు నేను చూసుకుంటాను. ముందున్న పార్కింగ్‌లో కార్లు రెండు వరుసల్లో ఎదురెదురుగా ఆగుతాయి, వరుసకి 14. ఆ రెండు వరుసల మధ్య 120 అడుగుల పొడవున, మూడున్నర అడుగుల వెడల్పున మట్టి పట్టీ వదిలారు. ప్రహరీ గోడ వెంట ఇంకోటి ఉంది, అది రెండడుగులే. మధ్య పట్టీ ఖాళీ. గోడ పక్కన మాత్రం పాత అశోక చెట్లు నాలుగున్నాయి, అందులో రెండు సగం ఎండిపోయాయి.

మే నెల ముహూర్తాలకి వచ్చినవాళ్ళు భోంచేసి బయటికొస్తే స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నారు. నీడ కావాలి. పట్టీ అంచుల్లో పాతిన కర్బు రాళ్ళు లేవకూడదు, కార్ల మీద జిగురు, కాయలు పడకూడదు. మా బావగారు పదిహేను మామిడి మొక్కలు పెడదాం, తోరణాలకి ఆకు కొనే పని ఉండదంటున్నారు. నర్సరీ అతనేమో కోనోకార్పస్ పెట్టండి సార్, రెండేళ్ళలో పచ్చగా గోడలా లేస్తుందంటాడు. జూన్ వానలకి నాటేయాలని అనుకుంటున్నాం. ఏం చెయ్యమంటారు?

పాలేరు_రైతు
మామిడి మాత్రం వద్దన్నా. నాకు తోట ఉంది కాబట్టి చెప్తున్నా. పూత మీద తేనెమంచు పురుగు పడితే కింద ఏముంటే దాని మీద బంక కారుతుంది. ఆ బంక మీద నల్ల మసి బూజు పడుతుంది. మాఘమాసం పెళ్ళిళ్ళకీ మామిడి పూతకీ ఒకటే సీజన్. కొత్త కారు అద్దం మీద ఆ బంక చూశాక పెళ్ళివాళ్ళు బిల్లు దగ్గర మాట్లాడే తీరే మారిపోద్ది. ఎండాకాలంలో కాయ రాలడం అదనం. తోరణాలకి ఆకు కావాలంటే వంటశాల వెనక ఒక్క చెట్టు పెట్టుకోండి, చాలు.

మొక్కలపిచ్చి
కోనోకార్పస్ కూడా వద్దండి. హైదరాబాద్ రోడ్ల మధ్య డివైడర్లలో ఒకప్పుడు ఎక్కడ చూసినా అదే. తర్వాత హరితహారం నర్సరీల్లో పెంచొద్దన్నారు. గుజరాత్‌లో 2023లో నాటడమే నిషేధించారు. వేళ్ళు పైపుల్లోకీ డ్రైనేజీలోకీ దూరతాయి, పుప్పొడితో ఎలర్జీ అని జనం గొడవ. అదంతా పక్కన పెట్టినా, గోడలా కత్తిరించిన చెట్టు కారు పైకప్పుకి నీడ ఇవ్వదు కదా.

సైటు_ఇంజనీరు
చెట్ల పేర్లకి ముందు నాలుగు విషయాలు చెప్పండి.

కింద సెల్లార్ ఉందా? స్లాబు మీద రెండడుగుల మట్టి పోసి పట్టీ అన్నారంటే చెట్టు సంగతి మర్చిపోండి, పొదలే.

మూడున్నర అడుగులు బయటి కొలతా, లోపలి కొలతా? కర్బు రాళ్ళకి రెండు పక్కలా కింద కాంక్రీటు పోస్తారు. టేపు పెట్టి లోపల మట్టి ఎంత వెడల్పుందో చూడండి.

పైన కరెంటు తీగలు, కింద సంపు, డ్రైనేజీ లైను ఎక్కడున్నాయి?

చివరిది, ఎవరూ చూడనిది. కారు ముందు టైరు కర్బుకి తగిలేదాకా వచ్చి ఆగుతుంది. టైరుకి ముందు బంపరు సుమారు రెండడుగులు ఉంటుంది. ఆ రెండడుగులూ మీ పట్టీ మీదికే వస్తాయి. అవతలి వరుసవి ఇంకో రెండు. మూడున్నర అడుగుల్లో మొక్కకి మిగిలేదెంత?

మండపం_ఖమ్మం
సెల్లార్ లేదండి. తీగలు రోడ్డు వైపే, డ్రైనేజీ హాలు వెనక. ఇప్పుడే కొలిచాను, లోపల మట్టి 2 అడుగుల 9 అంగుళాలే. గడ్డపారతో తవ్వి చూస్తే అడుగు లోతులోనే ఠంగుమంటోంది. మొరం పోసి రోలర్ తొక్కించారు. మధ్యలో సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు. దాని కింద నల్లరేగడి. బంపర్ల సంగతి మీరు చెప్పాక నిన్న రిసెప్షన్‌లో చూశాను. నిజమే, రెండు చోట్ల ఎదురెదురు కార్ల బంపర్లు పట్టీ మధ్యలో దాదాపు ముద్దు పెట్టుకుంటున్నాయి!

తోటపని_విజయవాడ
ఇప్పుడు మాట్లాడొచ్చు. నేను లేఅవుట్లకీ ఆస్పత్రులకీ మొక్కలు నాటించే పని చేస్తాను, ఇలాంటి పట్టీలే మాకు రోజూ తలనొప్పి. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

లెక్క చూడండి. 120 అడుగుల పొడవు, 2.75 వెడల్పు, మూడడుగుల లోతు తవ్వితే దాదాపు 990 ఘనపుటడుగుల మట్టి. అందులో పదిహేను చెట్లంటే ఒక్కోదానికి 66. అయిదు చెట్లంటే సుమారు 200. పదిహేను పెడితే మొదటి మూడేళ్ళు పచ్చగా ఉంటాయి, తర్వాత ఒకదాని నీళ్ళు ఒకటి లాక్కుంటూ ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడతాయి. కాబట్టి మధ్య పట్టీకి అయిదు చెట్లు, అంతకు మించొద్దు.

ఎక్కడ పెట్టాలనేది ముఖ్యం. కారు నిలబడే చోటుకి సరిగ్గా ఎదురుగా కాదు, రెండు కార్లకి మధ్య గీత గీస్తారే, ఆ గీత తిన్నగా వచ్చి పట్టీని తాకే చోట. అక్కడ బంపరు తగలదు. ఒక కారుకి ఎనిమిదడుగుల పైచిలుకు కాబట్టి మూడు కార్లకి ఒక చెట్టు, అంటే పాతిక అడుగుల ఎడం. దీంతో పాటు టైర్ స్టాపర్లు కర్బుకి అడుగున్నర ఇవతల బిగించండి. అంత మేర కారు వెనక్కి జరుగుతుంది. కార్ల వెనక తిరిగే దారి 22 అడుగులైనా ఉంటేనే రెండు వైపులా జరపండి, కేటరింగ్ వ్యాను తిరగాలి కదా.

కర్బు రాళ్ళు లేవడానికి అందరూ చెట్టునే తిడతారు. రావి, మర్రి, జువ్వి జాతులకి ఆ తిట్టు తగినదే. ఫైకస్ బెంజమీనా పేరుతో కుండీల్లో అమ్మేది కూడా ఆ కుటుంబమే, దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. మిగతా వాటిల్లో చాలాసార్లు తప్పు మట్టిది. కింద రోలర్ తొక్కిన మొరంలో గాలి లేదు, వేరు దిగదు. కాంక్రీటుకి సరిగ్గా కింద పలుచటి పొరలో చెమ్మ, కాస్త గాలి ఉంటాయి. వేరు అటు పాకి, లావెక్కి, రాయిని లేపుతుంది. అందుకని గుంటలు గుంటలుగా కాకుండా పట్టీ మొత్తం ఒకటే కందకంలా మూడడుగులు తవ్వించండి. ఆ సిమెంటు పెళ్ళలు ఒక్కటి వదలకుండా ఏరించండి, అవి ఉంటే మట్టిలో సున్నం పెరిగి ఆకు పసుపెక్కుతుంది. అడుగున గడ్డపారతో ఇంకో అరడుగు కుళ్ళగించి, ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొంచెం వేపపిండి కలిపి నింపండి. నల్లరేగడి తిరిగి పొయ్యొద్దు. వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చి అదే కర్బుని కదిలిస్తుంది. మట్టి కర్బు అంచుకి మూడంగుళాలు కిందే ఉండాలి, లేకపోతే మొదటి వానకే పార్కింగంతా బురద.

చెట్ల విషయానికొస్తే, సన్న పట్టీకి సన్న చెట్టు అని అందరూ అశోక గానీ ఆకాశమల్లె గానీ పెడతారు. మీకు ఇరుకంతా కింద. పైన బోలెడంత చోటుంది, నీడ కావాల్సింది అక్కడే. అశోక నీడ దాని మొదట్లోనే పడుతుంది. ఆకాశమల్లె పూలు ఎంత బావున్నా కొమ్మ పెళుసు, గాలివానకి విరుగుతుంది, పైగా వేళ్ళ నుంచి పిలకలు లేస్తాయి. తురాయి కూడా అంతే, పైపై వేళ్ళు, పెళుసు కొమ్మలు. రేల చెట్టు మీద నాకు చాలా ఇష్టం, కానీ పూతకి ముందు ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది. మీకు నీడ కావాల్సింది అప్పుడేగా. ఏడాకుల పాల పెట్టారంటే కార్తీకమాసం పెళ్ళిళ్ళలో ఆ పూల ఘాటుకి సగంమంది తలలు పట్టుకుంటారు.

నేనైతే ఈ పట్టీలో పొగడ మూడు, దేవకాంచనం రెండు పెడతాను. పొగడ నిదానం, కానీ ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, గుండ్రంగా ఒద్దికగా పెరుగుతుంది, కొమ్మ గట్టిది. చిన్న పండ్లు రాలతాయి గానీ మరకలు నేరేడంత కాదు. దేవకాంచనం త్వరగా ఎదుగుతుంది, పొగడ అందుకునేలోపు ఎంతో కొంత నీడ ఇస్తుంది.

అసలు నీడ కావాలంటే మాత్రం ఇంకో మాట. 28 కార్లలో రెండు కార్ల చోటు వదులుకోండి. వరుసకి ఒకటి, ఎదురెదురుగా కాకుండా ఎడంగా. ఎనిమిదడుగులు వెడల్పు, పదహారు పొడవు, మూడు లోతు అంటే దాదాపు 384 ఘనపుటడుగులు ఒక్క చెట్టుకే, దానికి పట్టీ మట్టి కూడా కలుస్తుంది. అక్కడ కానుగ పెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చినా ఏప్రిల్ వచ్చేసరికి నిగనిగలాడే కొత్తాకుతో నిండిపోతుంది. మే ఎండలో ఒక్క కానుగ కింద పడే నీడ పదిహేను బక్క చెట్లు కలిపినా రాదు.

మొక్కలపిచ్చి
కానుగ పూలు చాపలా రాలతాయి, తర్వాత చెక్కలాంటి కాయలు. ఆకుల మీద బుడిపెలు కూడా వస్తాయి. జిగురు, కాయలు వద్దన్నారు కదా ఆయన?

తోటపని_విజయవాడ
పూలు రాలతాయి, నిజమే. చీపురుతో పోతాయి, మరక ఉండదు. కాయ తేలిక, అద్దం పగిలేది కాదు. బుడిపెలు చూడ్డానికి బావోవు, అంతే, చెట్టుకేం కాదు. కాయా పువ్వూ ఏదీ రాలని చెట్టు కావాలంటే ప్లాస్టిక్ షాపులో దొరుకుతుంది. రాలింది కారు మీద అంటుకుంటుందా లేదా అన్నదే మనం చూడాలి.

మండపం_ఖమ్మం
రెండు కార్ల చోటు వదలాలంటే బావగారు ఒప్పుకోవాలి. పెళ్ళిరోజు ఒక్కో కారుకీ కొట్లాటే.

సైటు_ఇంజనీరు
చెట్టు మొదలు చుట్టూ ఎలాగూ చోటు వదలాలి. ఢిల్లీ చెట్ల కేసులో 2013లో హరిత ట్రిబ్యునల్ మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. మీరు ఆ చోటులో ముందు ఆరడుగులు మట్టిగా వదిలి, మిగతా పదడుగుల్లో రంధ్రాల పేవర్ బిళ్ళలు పరిస్తే బైకులు నిలుపుకోవచ్చు. కింద మట్టిని మాత్రం రోలర్‌తో తొక్కించొద్దు. రెండు కార్ల బదులు ఓ పది బైకులు పట్టాయంటే బావగారు మాట్లాడరు.

కేటరింగ్_సత్తుపల్లి
మా వాళ్ళ సంగతి నేనే చెప్పాలి. గంజి, ఉడుకు నీళ్ళు, డేగిసాలు కడిగిన సబ్బు నీళ్ళు ఎక్కడ మట్టి కనిపిస్తే అక్కడ పారబోస్తారు. ఒక్క రాత్రి చాలు లేత మొక్క పోవడానికి. హాలు వెనక నల్లా, కాలువ ఉన్న గచ్చు చూపించి, ఇక్కడే కడగాలి అని బుకింగ్ కాగితంలోనే రాయించండి. లైటింగ్ వాళ్ళని కూడా ఓ కంట కనిపెట్టండి. సీరియల్ లైట్లకి చెట్టు మొదట్లో జీఐ తీగ బిగిస్తారు, పెళ్ళయ్యాక లైట్లు తీసుకెళ్తారు, తీగ అలాగే వదిలేస్తారు. రెండేళ్ళకి ఆ తీగ బెరడులోకి దిగిపోయి కనబడను కూడా కనబడదు. దాని పైన కాండం ఉబ్బి ఉంటుంది, ఆ తర్వాత చెట్టు ఎండటం మొదలు. గుడ్డ నాడాలే వాడమనండి.

మండపం_ఖమ్మం
బాబోయ్, ఇది మాత్రం మా గేటు దగ్గర చెట్టుకి జరిగిందే అనుకుంటా, ఇప్పుడే వెళ్ళి చూస్తాను. గోడ పక్క రెండడుగుల పట్టీలో ఏం పెట్టమంటారు? గన్నేరు అనుకున్నాను, నీళ్ళు అడగదు కదా.

తోటపని_విజయవాడ
గన్నేరు మొండిదే, హైవేల మధ్యలో అందుకే పెడతారు. కానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. పెళ్ళికొచ్చిన పిల్లలు పార్కింగ్‌లోనే ఆడుకుంటారు, వద్దు. పచ్చగన్నేరు కాయ ఇంకా ప్రమాదం. కాగితపు పూలు కారు పెయింటు గీరుతాయి, రోజూ కత్తిరించే మనిషి ఉంటే తప్ప పెట్టొద్దు. నూరువరహాలు సున్నం ఉన్న మట్టిలో పసుపెక్కిపోతాయి, ప్రహరీ కట్టినప్పటి సిమెంటంతా మీ గోడ పక్కనే ఉంటుంది.

నందివర్ధనం వరసగా పెట్టండి, మూడడుగుల ఎడంతో. తెల్లపూలు దేవుడికీ పనికొస్తాయి. మధ్యమధ్యలో పచ్చగంటలు పెడితే గోడ కనిపించకుండా కప్పేస్తుంది. మధ్య పట్టీలో చెట్ల మధ్య మాత్రం మోకాలెత్తు మించినవేవీ వద్దు. బంపరు కిందికి వచ్చేవి ఎలాగూ నలుగుతాయి, అవతలి వరుసకి దాటేవాళ్ళు అడుగు పెట్టేదీ అక్కడే. అక్కడక్కడా రెండు అడుగుల బిళ్ళలు పరిచి దాటే దారి మీరే ఇవ్వండి. ఇవ్వకపోతే జనం మొక్కల మీదుగా వాళ్ళే వేసుకుంటారు.

పాత అశోక చెట్లు కొట్టే ముందు అటవీ శాఖ వాళ్ళని అడగండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం మన స్థలంలో చెట్టయినా అనుమతి కావాలి.

కడియం_దారిలో
మొక్కలు కడియం నుంచి తెప్పిస్తుంటే ఒక్కటి చూసుకోండి. ఆరేడు అడుగుల ఎత్తున్నది, కాండం తిన్నగా ఒకటే ఉన్నది తీసుకోండి. కవరు చించి చూపించమనండి. వేళ్ళు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటే అది ఎంత పచ్చగా ఉన్నా వద్దు, చుట్టిన వేరు లావెక్కి దాని మొదలునే బిగిస్తుంది. పన్నెండడుగుల చెట్టుని లారీలో తెచ్చి రెడీమేడ్‌గా నిలబెడతామంటారు. ఇలాంటి పట్టీలో అది ఒక వేసవి దాటడం కష్టం, ఖర్చు మాత్రం ఖాయం.

మండపం_ఖమ్మం
బావగారితో మాట్లాడాను. ఒక్క కారు చోటుకి ఒప్పుకున్నారు, రెండోది వచ్చే ఏడాది చూద్దామన్నారు. కందకానికి జేసీబీ ఈ వారం వస్తుంది. ఆ ఒక్క కానుగని ఏ వైపు పెట్టమంటారు?

తోటపని_విజయవాడ
మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా కాల్చేది పడమటి ఎండ. కార్లకి పడమర వైపున్న వరుసలోనే పెట్టండి, నీడ తూర్పుకి సాగి ఇవతలి వరుస మీద కూడా పడుతుంది. కింది కొమ్మలు ఒకేసారి నరకొద్దు. ఏటా రెండేసి తీస్తూ ఏడెనిమిది అడుగుల ఎత్తుదాకా కాండం ఖాళీ చేయండి. మొదటి రెండు వేసవులూ వారానికి రెండుసార్లు, పైపైన కాకుండా లోతుగా దిగేలా నీళ్ళు. జేసీబీ అతన్ని మాత్రం పట్టీలోకి ఎక్కనివ్వొద్దు, పక్కన నిలబడే తవ్వమనండి. లేకపోతే వదులు చేసిన మట్టిని మళ్ళీ అతనే తొక్కేస్తాడు.

మండపం_ఖమ్మం
సరేనండి. తవ్వాక లోపలి మట్టి ఫొటో పెడతాను, ఎర్రమట్టి ఎన్ని ట్రాక్టర్లు తోలించాలో చెబుదురు గానీ.