చెరోకీలో చెక్కపని లైవ్‌లో చూడొచ్చా? నాన్న కోసం

విజ్జి_అట్లాంటా: వచ్చే నెల స్మోకీ పర్వతాలకి వెళ్తున్నాం, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్నది కొండపల్లి పక్కనే, చెక్కపని కనిపిస్తే అక్కడే కూర్చుండిపోతారు. అక్కడ నార్త్ కరోలినాలో చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళ ఊరు ఉంది, దాని పేరూ చెరోకీయే, ఆ ఊళ్ళో చెక్కడం చూపిస్తారంట కదా, నిజంగా బావుంటుందా లేక ఈకల టోపీ పెట్టుకుని ఫోటోలు దిగే టైపా?

గోదారోడు: ఆ ఈకల టోపీ అసలు చెరోకీలదే కాదండీ, అది మైదానాల తెగలది, టూరిస్టుల కోసం రోడ్డు మీద పెట్టుకునేవాళ్ళు. మీరు ఓకోనలఫ్టీ ఇండియన్ విలేజ్‌కి (ఇండియన్ అంటే ఇక్కడ అమెరికా ఆదివాసులు) వెళ్ళండి, 1952 నుంచి ఉంది, చెరోకీ వాళ్ళే చేసి చూపిస్తారు. మాస్కులు చెక్కడం, బుట్టలు, వెదురు లాంటి రివర్ కేన్‌తో ఊదుడు గొట్టం, అన్నీ ఉంటాయి గానీ నాకు నచ్చింది పడవ. పెద్ద దుంగ మీద నిప్పు పెట్టి కాలనిచ్చి, బొగ్గు గీకేసి, మళ్ళీ నిప్పు పెట్టి, అలా లోపలంతా తొలుస్తారు. మా తాతగారి తాటిదోనె గుర్తొచ్చి అరగంట కదల్లేదు నేను. చలికాలం మూసేస్తారు, టైమింగ్స్ చూసుకోండి.

ఉలి_సుత్తి: కొనాలంటే మాత్రం రోడ్డు పక్క షాపులు వద్దు. అక్కడి చెరోకీ మ్యూజియం ఎదురుగా క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ మ్యూచువల్ ఉంది, 1946లో కళాకారులే పెట్టుకున్న సహకార సంఘం. అక్కడ చెక్క ఎలుగుబంట్లు చూడండి. అమాండా క్రో అని ఒకావిడ షికాగోలో శిల్పం చదివి తిరిగొచ్చి 1953 నుంచి దాదాపు 40 ఏళ్ళు చెరోకీ హైస్కూల్లో చెక్కడం నేర్పారు, ఇప్పుడున్న చెక్కేవాళ్ళలో చాలామంది ఆవిడ చేతికింద నేర్చుకున్నవాళ్ళో వాళ్ళ శిష్యులో. ఆవిడ ఎలుగుబంట్లకి వివరాలు తక్కువ, బొచ్చు గిచ్చు ఏం ఉండదు, నున్నగా ఒంపు మాత్రమే, అయినా కదుల్తున్నట్టే ఉంటాయి. ధర ఎక్కువే, బేరం ఆడకండి ప్లీజ్. వేరేచోట కొంటే ఎవరు చెక్కారో పేరు అడగండి, బయటోళ్ళు చేసినదాన్ని ఇండియన్ క్రాఫ్ట్ అని అమ్మితే 1990 చట్టం ప్రకారం నేరం.

గోదారోడు: అవును, ఇంకోటి, బూగర్ డాన్సు అని చెరోకీలది ఒకటుంది, దానికి వాడే మాస్కులు చూసి నవ్వొస్తే నవ్వండి, ఆ డాన్సులో బయటనుంచి వచ్చినవాళ్ళని వెక్కిరిస్తారు, అందులో తెల్లోళ్ళు కూడా ఉంటారు. ఫోటో తీసే ముందు అడగండి.

విజ్జి_అట్లాంటా: థాంక్యూ అందరికీ. నాన్నకి చదివి వినిపిస్తే ఆ మాస్కులకి వాడేది ఏం కర్ర అని ఒకటే గోల.

ఉలి_సుత్తి: ఎక్కువగా బకై అనే చెట్టు కర్ర అండీ. తేలిక, మెత్తన, మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికికి దగ్గర అనుకోండి. ఎలుగుబంట్లకైతే వాల్‌నట్, చెర్రీ కూడా వాడతారు, అవి ఉలికి గట్టిగానే తగుల్తాయి.