కాంట్రాక్టర్ డబ్బు తీసుకుని పని ఆపేశాడు, కేసు ఎక్కడ వేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. పోయినేడాది ఇల్లు కట్టడానికి మెటీరియల్‌తో సహా చదరపు అడుగు 1,800 లెక్కన ఒక కాంట్రాక్టర్‌కి అప్పగించాం. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ ఉంది. ఇప్పటికి 14 లక్షలు ఇచ్చాం, అందులో 9 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతాది నగదు (రసీదు అడగకపోవడం మా బుద్ధి తక్కువే, నాన్నగారికి మొహమాటం). స్లాబ్ వేశాక నాలుగు నెలలుగా మనిషి పత్తా లేడు, ఫోన్ ఎత్తడు. పైగా మొన్న వానకి స్లాబ్ కారింది, 16 ఎం.ఎం. కడ్డీ అని రాసిన చోట 12 వేశాడని తెలిసిన ఇంజనీర్ చూసి చెప్పారు.

పోలీసులేమో ఇది సివిల్ గొడవ అంటున్నారు. 50 లక్షల లోపు చెల్లించిన వాటికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చని, రెండేళ్ల గడువు ఉంటుందని చదివాను. మెటీరియల్‌తో కలిపి ఇచ్చిన కాంట్రాక్ట్ కూడా అందులోకి వస్తుందా, లేక సివిల్ కోర్టుకే వెళ్లాలా? నగదు ఇచ్చినట్టు వాట్సాప్ మెసేజ్‌లు తప్ప ఏమీ లేవు, అవి చెల్లుతాయా? ముందు లాయర్ నోటీసు ఇవ్వాలా? ఇంకో మేస్త్రితో పని మొదలుపెడితే సాక్ష్యం పోతుందేమోనని టెన్షన్, ఆపితే అద్దె కట్టలేక చస్తున్నాం. ఇలాంటి కేసు నడిపినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.